సాయపడే శునకం.. వెనుక నడిచే వ్యవస్థ

రాజమహేంద్రవరం: జాగిలం అనగానే గోదావరి జిల్లాల ప్రజలకు ముందుగా గుర్తొచ్చేది పోలీసు శాఖ. ప్రముఖుల పర్యటనల్లో, పుష్కరాల బందోబస్తులో, చోరీ జరిగిన ఇళ్ల వద్ద వాసన పట్టి తిరిగే శునకాలు అందరికీ పరిచితమే. అదే శునకం చూపు లేని వ్యక్తిని జాగ్రత్తగా నడిపించగలదని, మంచం దిగలేని మనిషికి కిందపడిన సెల్‌ఫోన్ తెచ్చి ఇవ్వగలదని, వినికిడి లేని గృహిణికి ఎవరో తలుపు కొడుతున్నారని తెలియజేయగలదని తెలిసినవారు తక్కువ. పాశ్చాత్య దేశాల్లోనూ జపాన్‌లోనూ దశాబ్దాలుగా ఈ విధానం అమల్లో ఉంది. ఈ ప్రాంతం నుంచి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడినవారు అక్కడి దుకాణాల్లో, విమానాశ్రయాల్లో ఇలాంటి శునకాలను చూస్తుంటారు. స్వగ్రామంలో పక్షవాతంతో మంచాన ఉన్న తండ్రికో, చూపు తగ్గిన తల్లికో ఇలాంటి తోడు దొరికితే బాగుంటుందన్న ఆలోచన కలగడం సహజం.

అయితే శునకాన్ని కొని తెచ్చుకున్నంత మాత్రాన ఆ పని జరగదు. ఎంపిక, శిక్షణ, చట్టం, రహదారి, పశువైద్యం.. ఇవన్నీ కలిస్తేనే ఒక కుక్క ఒక మనిషికి నిజమైన ఆసరా కాగలదు. వీటిలో మన దగ్గర ఉన్నవేవి, లేనివేవి, అవి సమకూరేలోగా దివ్యాంగుల కుటుంబాలు ఏం చేయవచ్చు అన్నవి తెలుసుకోవలసిన విషయాలు.

కాపలా కుక్క వేరు.. సహాయక శునకం వేరు

పల్లెల్లో కుక్కను పెంచేది ప్రధానంగా కాపలా కోసం. కొత్తవారిని చూస్తే మొరగడం, పెరట్లోకి పశువులు రాకుండా చూడడం దాని పని. సహాయక శునకం స్వభావం దీనికి పూర్తిగా భిన్నం. కొత్తవారిని చూసి అది మొరగకూడదు, ఉలిక్కిపడకూడదు, తినుబండారం కనిపించినా కదలకూడదు. ఒక వ్యక్తికి ఉన్న ఒక నిర్దిష్టమైన లోపాన్ని పూరించేందుకు నిర్దిష్టమైన పనులు నేర్చుకున్న కుక్కనే సహాయక శునకం అంటారు.

వీటిలో నాలుగు రకాలు ప్రధానమైనవి. చూపు లేనివారిని నడిపించేవి మార్గదర్శక శునకాలు. తలుపు చప్పుడు, కుక్కర్ కూత, పసిబిడ్డ ఏడుపు వంటి శబ్దాలను వినికిడి లేనివారికి తెలియజేసేవి శ్రవణ శునకాలు. కాళ్లూ చేతులూ స్వాధీనంలో లేనివారికి వస్తువులు అందించడం, తలుపులు తీయడం, దీపాలు వేయడం వంటి పనులు చేసేవి మూడో రకం. మధుమేహం, మూర్ఛ వంటి జబ్బులున్న వారికి తోడుండేవి నాలుగో రకం.

ఆసుపత్రులకు, ప్రత్యేక పాఠశాలలకు తీసుకువెళ్లి రోగులకు, పిల్లలకు ఊరట కలిగించే శునకాలు వీటి కోవలోకి రావు. హాంకాంగ్‌లో 1991లో మొదలైన 'డాక్టర్ డాగ్' కార్యక్రమం అలాంటిదే. దానిని చెన్నైలోని బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా మన దేశానికి తెచ్చింది. అవి చేసే మేలు తక్కువేమీ కాదు. కానీ అవి ఒక వ్యక్తి ఇంట్లో ఉండి, రోజంతా అతని అవసరాలు చూసే శునకాలు కావు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది అయోమయానికి గురవుతుంటారు.

యుద్ధ క్షతగాత్రుల కోసం తొలి అడుగు

చూపు లేనివారికి కుక్క తోడుగా నడవడం ప్రాచీన కాలం నుంచీ ఉన్నదే. దానిని ఒక పద్ధతి ప్రకారం నేర్పే పని మాత్రం మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో మొదలైంది. యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ పట్టణంలో 1916లో తొలి శిక్షణ పాఠశాల వెలిసింది. స్విట్జర్లాండ్‌లో శునకాలకు శిక్షణ ఇస్తున్న అమెరికన్ మహిళ డొరొతీ యూస్టిస్ జర్మనీలో జరుగుతున్న పనిని స్వయంగా చూసి, 1927లో ఓ అమెరికన్ పత్రికకు వ్యాసం రాశారు. అది విన్న మోరిస్ ఫ్రాంక్ అనే అంధ యువకుడు తనకూ అలాంటి శునకం కావాలని ఆమెకు లేఖ రాశాడు. స్విట్జర్లాండ్ వెళ్లి శిక్షణ పొంది, 'బడ్డీ' అనే ఆడ జర్మన్ షెపర్డ్‌తో 1928లో న్యూయార్క్‌లో దిగాడు. వాహనాలతో కిక్కిరిసిన వీధిని విలేకరుల ఎదుట ఆ శునకం సాయంతో దాటి చూపించాడు. మరుసటి ఏడాది 'సీయింగ్ ఐ' సంస్థ ఏర్పడింది. అది నేటికీ పనిచేస్తోంది.

బ్రిటన్‌లో 1931లో నాలుగు శునకాలతో ఈ పని ప్రారంభమైంది. జపాన్‌లో 1957లో తొలి మార్గదర్శక శునకం సిద్ధమైంది. చక్రాల కుర్చీకి పరిమితమైన వారికీ కుక్క ఉపయోగపడగలదన్న ఆలోచనతో బోనిటా బెర్గిన్ అనే ఉపాధ్యాయురాలు 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఓ సంస్థను నెలకొల్పారు. ఇంట్లో పనులు చేసిపెట్టే శునకాల శిక్షణకు ఆ సంస్థే బాట వేసింది.

మన దేశంలో డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సంస్థకు మూలం కూడా 1943లో యుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం ఏర్పడిన వసతి గృహమే. అయితే ఇక్కడ పునరావాసం బ్రెయిలీ లిపి, చేతికర్ర, వృత్తి విద్యల చుట్టూ సాగింది. శునకాల శిక్షణ వేళ్లూనుకోలేదు. ఇప్పటికీ దేశంలో సహాయక శునకంతో తిరిగేవారు కనిపించడం చాలా అరుదు.

రెండేళ్ల శ్రమ

సహాయక శునకం తయారు కావడానికి సుమారు రెండేళ్లు పడుతుంది. సౌమ్యమైన స్వభావం, నేర్చుకునే ఆసక్తి ఉన్న వంశం నుంచి పిల్లలను ఎంపిక చేస్తారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, ఈ రెండింటి సంకర జాతి, జర్మన్ షెపర్డ్ ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. ఏడెనిమిది వారాల వయసులో కుక్కపిల్లను ఓ స్వచ్ఛంద కుటుంబానికి అప్పగిస్తారు. ఏడాదికి పైగా ఆ కుటుంబమే దానిని పెంచుతుంది. బజారు, బస్సు, రైలు, ఆసుపత్రి, పిల్లల అల్లరి, టపాసుల మోత.. అన్నింటికీ బెదరకుండా అలవాటు చేయడం ఆ కుటుంబం బాధ్యత. ఆ తరువాత శునకం శిక్షణ కేంద్రానికి చేరుతుంది.

అక్కడ కొన్ని నెలలపాటు అసలు పాఠం సాగుతుంది. కొట్టడం, బెదిరించడం ఈ శిక్షణలో పనికిరావు. సరైన పని చేసిన మరుక్షణం చిన్న తాయిలం ఇవ్వడం, మెచ్చుకోవడమే నేటి పద్ధతి. ఉదాహరణకు తలుపు తీయడం నేర్పాలంటే ముందు ఓ తాడును నోటితో పట్టి లాగడం నేర్పుతారు. తరువాత ఆ తాడును తలుపు పిడికి కడతారు. చివరకు 'లాగు' అన్న మాటకే తలుపు తెరిచేలా చేస్తారు. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి నేర్పడంలోనే రహస్యమంతా ఉంది.

శిక్షణలో చేరిన ప్రతి శునకమూ ఉత్తీర్ణం కాదు. భయం, కోపం, తుంటి కీళ్ల లోపం, పిల్లులను తరిమే అలవాటు వంటి కారణాలతో చాలా వాటిని మధ్యలోనే తప్పిస్తారు. అవి మంచి పెంపుడు కుక్కలుగా మిగులుతాయి. ఉత్తీర్ణమైన శునకాన్ని ఎవరికి ఇవ్వాలన్నది మరో పరీక్ష. ఆ మనిషి నడక వేగం, ఇంటి వాతావరణం, రోజువారీ తిరుగుడు చూసి జత కుదురుస్తారు. ఆపై కొన్ని వారాలపాటు ఇద్దరికీ కలిపి శిక్షణ ఇస్తారు. ఇంటికి పంపాక కూడా శిక్షకులు వచ్చి చూసిపోతుంటారు. ఎనిమిది, పదేళ్ల వయసు దాటాక శునకానికి విశ్రాంతి ఇచ్చి, దాని స్థానంలో మరొకదానిని సిద్ధం చేయవలసి ఉంటుంది.

చేయగలిగేవి.. చేయలేనివి

మార్గదర్శక శునకం దారి తెలిసిన డ్రైవరు వంటిదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఎక్కడికి వెళ్లాలో, ఎప్పుడు మలుపు తిరగాలో నిర్ణయించేది మనిషే. గుంతలు, మెట్లు, తలకు తగిలే కొమ్మలు, ఎదురొచ్చే వాహనాలు తప్పించడం శునకం వంతు. ట్రాఫిక్ దీపం రంగు చూసి అది నిర్ణయం తీసుకోదు. వాహనాల చప్పుడు విని యజమాని 'పద' అంటే అడుగు వేస్తుంది. ఆ క్షణంలో వాహనం దూసుకొస్తుంటే మాత్రం ఆజ్ఞను ధిక్కరించి నిలబడిపోతుంది. తెలిసి ఆజ్ఞ మీరడం ఈ శిక్షణలో అత్యంత కఠినమైన పాఠం.

ఇంట్లో పనిచేసే శునకం కిందపడిన చేతికర్ర, మందుల డబ్బా, తాళంచెవులు అందిస్తుంది. మేజోళ్లు లాగి తీస్తుంది. మనిషి పడిపోతే పక్కింటివారి దృష్టి పడేలా మొరగడమో, పెద్ద మీట ఉన్న గంట నొక్కడమో చేస్తుంది. రక్తంలో చక్కెర పడిపోయినప్పుడు ఊపిరిలో, చెమటలో వచ్చే వాసన మార్పును కొన్ని శునకాలు పసిగడతాయి. అయితే ఈ సామర్థ్యం అన్ని శునకాల్లో ఒకేలా ఉండదు. గ్లూకోమీటరుకు, వైద్యుడు చెప్పిన మందులకు శునకం ప్రత్యామ్నాయం కాదు. మంచాన పడిన మనిషిని అది ఎత్తి కూర్చోబెట్టలేదు. ఒత్తిడి పుండ్లు పడకుండా పక్కకు తిప్పలేదు. ఆ పనులకు మనిషి తోడు తప్పదు.

ఒంటరి పగళ్లు

డెల్టాలో ఈ విషయానికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు, గీత కార్మికులు చెట్టుపై నుంచి జారిపడి వెన్నెముక దెబ్బతినడం అరుదైన సంగతి కాదు. నడుము కింద స్పర్శ కోల్పోయిన మనిషి ఇంటికే పరిమితమైతే, భార్య కూలికో, రొయ్యల శుద్ధి కర్మాగారంలో పనికో వెళ్లక తప్పదు. పిల్లలు బడికి పోతారు. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఆ మనిషి ఒంటరి. చేతిలోని సెల్‌ఫోన్ జారి మంచం కిందకు పోయిందంటే సాయంత్రం వరకు ఎవరినీ పిలిచే దారి లేదు. పక్షవాతం బారిన పడినవారి పరిస్థితీ ఇంతే. పిల్లలు హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో స్థిరపడగా ఊళ్లో మిగిలిన వృద్ధ దంపతుల సంగతి సరేసరి. సహాయక శునకం ఉపయోగపడేది సరిగ్గా ఇలాంటి పగటి వేళల్లోనే.

అయితే డెల్టా ఇల్లు, డెల్టా వాతావరణం ఈ శునకానికి అంత తేలికైనవి కావు. మన ఇళ్లలో కుక్క స్థానం వీధి అరుగు వరకే. వంటింట్లోకి, పూజ గదిలోకి దానిని రానివ్వడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. సహాయక శునకం యజమాని ఉన్న గదిలో, అతని మంచం పక్కనే ఉండాలి. ఇంటిల్లిపాదీ దీనికి ముందే సమ్మతించకపోతే రెండేళ్ల శిక్షణ వృథా అవుతుంది.

ఎండ మరో పరీక్ష. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట రాజమహేంద్రవరం వాసులకు కొత్త కాదు. దట్టమైన బొచ్చు ఉండే లాబ్రడార్ వంటి జాతులు వడదెబ్బకు త్వరగా గురవుతాయి. అరచేతి వెనుక భాగాన్ని కొన్ని క్షణాలు ఆనించలేనంత వేడిగా తారు రోడ్డు ఉంటే, దానిపై నడిచే కుక్క పాదాలు కాలిపోతాయి. వేసవిలో తెల్లవారుజామున, సూర్యాస్తమయం తరువాత మాత్రమే బయటకు తీసుకువెళ్లాలి.

వర్షాకాలంలో చిక్కులు వేరు. ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ కుక్కలకూ మనుషులకూ రెండింటికీ ప్రమాదకరమే. వరిచేలు, కాలువలు అల్లుకున్న ప్రాంతంలో ఈ టీకా తప్పనిసరి. గోమార్ల ద్వారా వచ్చే జ్వరం కూడా శునకాన్ని నెలల తరబడి పనికి దూరం చేస్తుంది. ఇక 1986 ఆగస్టు, 2022 జులై వరదల వంటివి వచ్చినప్పుడు లంక గ్రామాల ప్రజలు పడవలెక్కి పునరావాస కేంద్రాలకు తరలక తప్పదు. దివ్యాంగుడితోపాటు అతని శునకానికీ పడవలో చోటు, కేంద్రంలో ప్రవేశం ఉండాలన్న ఆలోచన ముందే చేయకపోతే, అత్యంత అవసరమైన సమయంలోనే ఆ తోడు తెగిపోతుంది.

పింఛను సొమ్ముతో సాధ్యమా?

అమెరికాలో ఒక సహాయక శునకాన్ని తీర్చిదిద్దేందుకు పదుల వేల డాలర్లు ఖర్చవుతాయి. ఆ భారాన్ని అక్కడి సంస్థలు చాలావరకు విరాళాలతో భరిస్తాయి. 'సీయింగ్ ఐ' సంస్థ తొలి శునకానికి 150 డాలర్లు మాత్రమే నామమాత్రపు రుసుముగా తీసుకుంటుంది. మాజీ సైనికులకు అది ఒక్క డాలరే.

మన రాష్ట్రంలో ఎన్టీఆర్ భరోసా పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగులకు నెలకు రూ.6,000, పూర్తిగా మంచానికి లేదా చక్రాల కుర్చీకి పరిమితమైన వారికి రూ.15,000 పింఛను అందుతోంది. ఇందుకు సదరం ధ్రువపత్రం ఆధారం. ఆ పింఛనే ఇంటికి ప్రధాన ఆదాయమైనప్పుడు అందులోంచి పాతిక, ముప్పై కిలోల బరువుండే శునకానికి ఆహారం, టీకాలు, మందులు భరించడం కష్టం. కేంద్ర ప్రభుత్వ 'అడిప్' పథకం కింద చక్రాల కుర్చీలు, మూడు చక్రాల సైకిళ్లు, వినికిడి యంత్రాలు, చేతికర్రలు వంటివి అందుతాయి. ఉపకరణాల చుట్టూ అల్లుకున్న ఇలాంటి పథకాల్లో ప్రాణమున్న సహాయకుడికి చోటు దొరకడం కష్టం. దాతలో, స్వచ్ఛంద సంస్థలో ముందుకు వచ్చి శిక్షణతోపాటు నెలవారీ పోషణ కూడా భరిస్తేనే సామాన్య కుటుంబానికి ఈ సదుపాయం అందుతుంది.

చట్టం ఏం చెబుతోంది?

అమెరికాలో 1990 నాటి దివ్యాంగుల చట్టం ప్రకారం సహాయక శునకంతో వచ్చిన వ్యక్తిని హోటలు, దుకాణం, ఆసుపత్రి సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు. వైకల్యం కారణంగా ఈ శునకం అవసరమా, అది ఏ పని చేసేందుకు శిక్షణ పొందింది అన్నవే ఆ ప్రశ్నలు. జబ్బు వివరాలు అడగరాదు. జపాన్ 2002లో ప్రత్యేక చట్టం చేసి మార్గదర్శక, సహాయక, శ్రవణ శునకాలను మూడు తరగతులుగా గుర్తించింది. ప్రజా రవాణా, ప్రభుత్వ భవనాల్లోకి వాటికి ప్రవేశం కల్పించింది.

మన దేశం ఐక్యరాజ్య సమితి దివ్యాంగుల హక్కుల ఒడంబడికను 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. ఉపకరణాలతోపాటు సజీవ సహాయం కూడా దివ్యాంగులకు అందుబాటులోకి తేవాలని ఆ ఒడంబడిక కోరుతోంది. దానికి అనుగుణంగా వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన వైకల్యాల సంఖ్యను 21కి పెంచింది. వారి అవసరాలకు తగినట్లు సహేతుకమైన సర్దుబాట్లు చేయాలని నిర్దేశించింది. అయితే సహాయక శునకాన్ని పేరుపెట్టి ప్రస్తావించి దానికి ప్రవేశ హక్కు ఇవ్వలేదు. దీంతో ఒక్కో శాఖ నిబంధన ఒక్కో తీరుగా ఉంది.

దివ్యాంగ ప్రయాణికుల విషయంలో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ జారీ చేసిన నిబంధనలు శిక్షణ పొందిన సహాయక శునకాన్ని విమానంలోకి అనుమతిస్తున్నాయి. రైలు విషయానికొస్తే సాధారణ పెంపుడు కుక్కల నిబంధనలు కఠినంగా ఉన్నాయి. ఏసీ ఫస్ట్ క్లాసులో గది మొత్తం రిజర్వు చేసుకుంటేనే వెంట తీసుకువెళ్లవచ్చు. లేదంటే గార్డు పెట్టెలోని బోనులో పంపాలి. అపార్ట్‌మెంట్ల విషయంలో భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో మార్గదర్శకాలు జారీ చేసింది. కుక్కలను పెంచరాదని నివాసితుల సంఘాలు నిషేధం విధించరాదని, లిఫ్టు వాడకాన్ని అడ్డుకోరాదని స్పష్టం చేసింది. ఈ సంగతి తెలియక పట్టణాల్లో చాలామంది సంఘాల ఒత్తిడికి లొంగిపోతుంటారు.

దివ్యాంగులకు అందుబాటు ప్రమాణాలను కేవలం సూచనలుగా వదిలేయకుండా తప్పనిసరి నిబంధనలుగా రూపొందించాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న కేంద్రాన్ని ఆదేశించింది. సహాయక శునకాల ప్రవేశంపై స్పష్టత కోరేందుకు దివ్యాంగుల సంఘాలకు ఇది మంచి ఆధారం.

వీధిలో ఎదురయ్యే సవాలు

సహాయక శునకానికి మన ఊళ్లలో ఎదురయ్యే అతిపెద్ద అడ్డంకి వీధి కుక్కలే. కొత్త కుక్క వీధిలోకి అడుగుపెడితే గుంపుగా మీద పడడం వాటి నైజం. ఒక్కసారి గట్టిగా కరిచాయంటే శిక్షణ పొందిన శునకం భయంతో పనికి పూర్తిగా దూరం కావచ్చు. దాని వెంట నడుస్తున్న అంధుడికీ ప్రాణాపాయమే. వీధి కుక్కలకు సంతాన నియంత్రణ శస్త్రచికిత్సలు, రేబిస్ టీకాలు వేయడం 2023 నాటి నిబంధనల ప్రకారం స్థానిక సంస్థల బాధ్యత. ఆసుపత్రులు, పాఠశాలలు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల ఆవరణల నుంచి వాటిని తొలగించాలని సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించింది. ఈ పనులు సక్రమంగా జరిగితే మేలు పొందేవారిలో దివ్యాంగులు ముందు వరుసలో ఉంటారు.

రహదారి కూడా అంతే ముఖ్యం. మార్గదర్శక శునకం కాలిబాట అంచును ఆనవాలుగా చేసుకుని నడుస్తుంది. ఒక పక్క పంట కాలువ, మరో పక్క దూసుకెళ్లే లారీలు ఉండే గట్టు రోడ్ల మీద కాలిబాట ఊసే ఉండదు. పట్టణాల్లో కాలిబాట ఉన్నచోట తోపుడు బండ్లు, ద్విచక్ర వాహనాలు, మూత లేని మురుగు కాలువలు అడ్డుపడతాయి. ఎంత తెలివైన శునకమైనా లేని దారిని చూపించలేదు.

ఇప్పటికిప్పుడు చేయదగినవి

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులు ఉన్నారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఆ సంఖ్య 22.66 లక్షలు. వీరందరికీ శునకం అవసరం లేదు, సరిపడదు కూడా. కుక్కంటే భయం ఉన్నవారికి, ఉబ్బసం, అలర్జీ ఉన్నవారికి, దాని ఆలనాపాలనా చూసే మనిషి ఇంట్లో లేనివారికి ఇది తగిన మార్గం కాదు. శునకం వచ్చేదాకా ఆగవలసిన పనీ లేదు.

చూపు లేనివారు ముందుగా తెల్ల చేతికర్రతో స్వయంగా నడవడంలో శిక్షణ పొందాలి. మార్గదర్శక శునకాన్ని ఇచ్చే విదేశీ సంస్థలు సైతం ఈ నైపుణ్యం ఉన్నవారికే ప్రాధాన్యం ఇస్తాయి. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు విశాఖపట్నం, విజయవాడల్లోనూ ఆసుపత్రులున్నాయి. చూపు తిరిగి రాదని తేలినవారికి పునరావాస సేవలు అందించడం ఆ సంస్థ పనిలో భాగం. ఢిల్లీ ఐఐటీ రూపొందించి 2014లో విడుదల చేసిన 'స్మార్ట్ కేన్' మోకాలి పైఎత్తులో ఉన్న అడ్డంకులను సుమారు 3 మీటర్ల దూరంలోనే గుర్తించి, పిడిలో ప్రకంపనల ద్వారా హెచ్చరిస్తుంది. మేధో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సలహా పొందవచ్చు.

మంచానికి పరిమితమైనవారి కోసం ఇంట్లోనే చిన్న మార్పులు చేసుకోవచ్చు. సెల్‌ఫోన్‌కు తాడు కట్టి మెడలో వేసుకోవడం, మంచం పక్కన బ్యాటరీతో పనిచేసే గంట అమర్చి దాని మోత పొరుగింట్లో వినిపించేలా చేయడం, గడప వద్ద చెక్కతో ఏటవాలు బాట వేయించడం వంటివి తక్కువ ఖర్చుతో పూర్తవుతాయి. వినికిడి లేనివారి ఇంట్లో తలుపు గంట నొక్కితే దీపం వెలిగే ఏర్పాటు ఎలక్ట్రీషియన్ చేయగలడు.

ఇంట్లో ఇప్పటికే సౌమ్యమైన పెంపుడు కుక్క ఉంటే, కిందపడిన వస్తువు తెచ్చి ఇవ్వడం, పిలిస్తే మరో గదిలోని వ్యక్తిని తీసుకురావడం వంటి ఒకటి రెండు పనులు ఓపికగా నేర్పవచ్చు. రోజుకు పది నిమిషాల చొప్పున, పని చేసిన వెంటనే తాయిలం ఇస్తూ నేర్పితే ఫలితం కనిపిస్తుంది. అయితే దీనిని ఇంటి వరకే పరిమితం చేయాలి. ఇలాంటి కుక్కను నమ్ముకుని చూపు లేని వ్యక్తి రోడ్డు మీదకు వెళ్లడం ప్రమాదం.

మోసపోకుండా..

శిక్షణ పొందిన కుక్కపిల్లలంటూ రెండు, మూడు నెలల పిల్లలను అధిక ధరకు అంటగట్టే వ్యాపారుల పట్ల అప్రమత్తంగా ఉండాలి. ఆ వయసులో ఏ కుక్కా సహాయక శునకం కాలేదు. కొనేముందు శునకం వయసు, నేర్చుకున్న పనులు, శిక్షణ ఎక్కడ, ఎన్నాళ్లు సాగింది, టీకాల పుస్తకం, తుంటి ఎక్స్‌రే వివరాలు అడగాలి. ఆ పనులను యజమాని కాబోయే వ్యక్తి ఇంట్లోనే, అతని మాటకే చేసి చూపించాలని కోరాలి. ఇంటికి వచ్చాక శిక్షకుడు ఎన్నిసార్లు వస్తాడు, జత కుదరకపోతే శునకాన్ని వెనక్కి తీసుకుంటారా అన్నది రాతపూర్వకంగా తీసుకోవాలి. వీటికి సూటిగా సమాధానం ఇవ్వనివారి వద్ద కొనకపోవడమే మేలు.

మూడు నెలల వయసులో తొలి రేబిస్ టీకా, ఆపై వైద్యుడు సూచించిన ప్రకారం ఏటా మరో మోతాదు తప్పనిసరి. ఆరోగ్య సమస్యలకు స్థానిక పశువైద్యశాలను సంప్రదించాలి. క్లిష్టమైన చికిత్సలకు పొరుగున కృష్ణా జిల్లా గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

జిల్లాలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సహాయక శునకాలను పెద్ద సంఖ్యలో తీర్చిదిద్దడం ఒక్క జిల్లా వల్ల అయ్యే పని కాదు. అందుకు రాష్ట్ర స్థాయిలో శిక్షణ కేంద్రం, శునకాలను ఏడాదిపాటు పెంచిపెట్టే స్వచ్ఛంద కుటుంబాలు, చట్టబద్ధమైన గుర్తింపు కార్డు, ప్రవేశ హక్కు అవసరం. పోలీసు శాఖ జాగిలాలకు నెలల తరబడి శిక్షణ ఇవ్వడంలో ఆరితేరిన నిపుణులు రాష్ట్రంలో ఉన్నారు. పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. వీరిని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖతో కలిపి ఒక ప్రయోగాత్మక ప్రాజెక్టు చేపట్టడం అసాధ్యమేమీ కాదు.

జిల్లా స్థాయిలో చేయదగిన పనులకు మాత్రం ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. కాలిబాటలపై ఆక్రమణలు తొలగించడం, మురుగు కాలువలకు మూతలు వేయడం, వీధి కుక్కలకు టీకాలు పూర్తి చేయడం, 2027 గోదావరి పుష్కరాల కోసం నిర్మించే ఘాట్లకు మెట్లతోపాటు ఏటవాలు బాటలు ఏర్పాటు చేయడం, వరద పునరావాస కేంద్రాల జాబితాలో దివ్యాంగులకు, వారి వెంట ఉండే జంతువులకు చోటు చూపడం వీటిలో ముఖ్యమైనవి. శునకం వచ్చినా రాకపోయినా చేతికర్రతో నడిచే అంధుడికి, చక్రాల కుర్చీలోని దింపు కార్మికుడికి ఈ పనుల వల్ల మేలు జరుగుతుంది.